శుక్రవారం దాకా తలుపు

గ్వాదలహారా,
ఫిబ్రవరి 21, 1980

ప్రియమైన అమ్మకు,

ఈ పొద్దున పాలకి వెళ్దామని తలుపు తీస్తే గుమ్మం రాళ్ల మీద తెల్ల రంగుతో అంకెలు రాసి ఉన్నాయి. కుడి వైపు నేలకి ఆనుకున్న రాయి ఒకటి, దాని మీదది రెండు. అలా పైకెక్కి, కమాను చుట్టి, ఎడమ వైపు మళ్లీ నేల దాకా దిగాయి. ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత కూడా పెట్టారు. మా బడి మదర్ ఇమ్మాకులాదా చూస్తే మెచ్చుకునేది. రంగు ఇంకా ఆరలేదు, నా వేలికి అంటింది.

నువ్వు ఏటా భుజం ఆనించి నిలబడే రాయికి ఆరో నంబరు వచ్చింది.

నవంబరులో నువ్వు సముద్రం దగ్గరికి దిగిపోయేముందు అందరూ అనుకున్న మాట నిజమేనమ్మా. మార్కెట్టు వెనక వీధులన్నీ తీసేసి అంగళ్ల సముదాయం కడతారట. ఫౌంటెన్లు, పైకి కిందికి నడిచే మెట్లు, నేల కింద కార్లకి చోటు. ఇంటి యజమాని డాన్ లియోకాదియో జనవరిలోనే సంతకం పెట్టేశాడు. పక్క గది దోన్యా త్రాన్సితో ఉంది కదా, ఆవిడ, "పాపం, ఆయనకి సంతకం చేయడం వచ్చని ఈ వయసులో బయటపడింది" అంది.

కంపెనీవాళ్లు మన గుమ్మం పాతదనీ, విలువైనదనీ అంటున్నారు. అందుకే అంకెలు. రాయి రాయిగా విప్పి, కొత్త కట్టడంలో అదే వరసలో మళ్లీ నిలబెడతారట. మరి ఇంటి సంగతేమిటని పక్క గదావిడే అడిగితే, ఇంటికి చెక్కడం పని లేదు కదా అన్నారట.

ఎప్పుడన్నది ఎవరూ చెప్పడం లేదు. ఎదురు వరస ఖాళీ అయింది. నువ్వు కంగారు పడకు. మాత్రలు భోజనానికి ముందు వేసుకో, తర్వాత కాదు. లైబ్రరీలో పని మామూలే. చినిగిన భూగోళ పటాలకి గుడ్డ అతికిస్తున్నాను.

నీ చేతులు ముద్దాడుతూ,
ఒతీలియా

*

సాన్ బ్లాస్,
ఫిబ్రవరి 28

నా బంగారు ఒతీకి,

నీ ఉత్తరం చదివి మీ సోలెదాద్ పెద్దమ్మకి వినిపించాను. రాళ్ల మీద అంకెలంటే జైల్లో ఖైదీలకి వేసినట్టే కదా అంది. తొందరగానే అర్థం చేసుకుంది, ఆశ్చర్యపోయాను.

ఇక్కడ అంతా ఉడకబెట్టడమే. మీ పెద్దమ్మ చేపా ఉడకబెడుతుంది, అరటికాయా ఉడకబెడుతుంది, మిగిలిన మమ్మల్ని ఎండ ఉడకబెడుతుంది. సాయంత్రమైతే కంటికి కనపడని దోమలు. డాక్టరు ప్రతి సోమవారం నా గుండె మీద గొట్టం పెట్టి, మళ్లీ ఎత్తు మీదికి పోతే ఒప్పుకోదమ్మా ఇది అంటాడు. నేను దాన్ని విడిగా అడిగి చూసుకున్నాను. ఈస్టరు ముందొచ్చే వ్యాకుల మాత శుక్రవారానికైతే ఒప్పుకుంటానంది.

కాబట్టి విను. నేను వస్తున్నాను. ఆ శుక్రవారం మన తలుపు లేకుండా పోదు. మా అత్తగారి తర్వాత నాకు వచ్చిన తలుపు అది. మీ నాన్న పోయిన ఏడు కూడా మూయలేదు. నల్ల బట్టలతోనే నీళ్లు పోశాను. నీకు గుర్తుందా, మొదటి తరగతిలో నువ్వు "మా ఇంట్లో తలుపు ఉంది" అంటే మదర్ ఇమ్మాకులాదా "తలుపు లేనిది ఎవరింట్లోనమ్మా" అందట. నువ్వు ఏడుస్తూ ఇంటికొచ్చావు. ఆవిడ స్పెయిన్ నుంచి వచ్చిన మనిషి. గ్రనాదో వీధిలో తలుపు ఉండడమంటే మెట్ల బల్ల కట్టి, కొడుకు కోసం ఏడ్చే అమ్మని, మన వ్యాకుల మాత బొమ్మని నిలబెట్టి, ఇల్లంతా తెరిచిపెట్టి, అమ్మ ఏడ్చిందా అని అడిగి వచ్చినవాళ్లకి అమ్మ కన్నీళ్లని చెప్పి నీళ్లు పోయడమని ఆవిడకేం తెలుసు!

ఆ కంపెనీ పెద్ద ఎవరో కనుక్కుని మాట్లాడు. శుక్రవారం దాకా ఆగమను. శనివారం నుంచి వాళ్ల ఇష్టం. పుస్తకంతో మాట్లాడినట్టు మనసులో మాట్లాడుకుని ఇంటికి వచ్చేయకు. నోటితో మాట్లాడు. నీ నోరు నాకు తెలుసు, అన్నం తినడానికి తప్ప తెరవవు.

ఉపవాస రోజుల్లో మూడో ఆదివారం దాటగానే గోధుమలు చల్లు. మంచం కింద చీకట్లో పెట్టు. వెలుగు తగిలితే ఆకుపచ్చగా వస్తాయి, మన అమ్మకి అవి పనికిరావు. పసుప్పచ్చగా, పాలిపోయి, బక్కగా రావాలి. అచ్చం నీలాగా.

ముద్దులతో,
మీ అమ్మ ఎర్మెలిండా

*

గ్వాదలహారా,
మార్చి 8

ప్రియమైన అమ్మకు,

మాట్లాడాను. నోటితోనే.

ఆయన పేరు ఇంజనీరు బాల్బుయేనా. ఉత్తరాదివాడు, మోంతెర్రేయి నుంచి వచ్చాడు. వయసు పెద్దది కాదు. ఎదురు వరసలో బేకరీ ఉండేది చూడు, ఆ చోట ఒక బల్ల వేసుకుని కూర్చుంటాడు. బేకరీ లేదు. గోడకి పొయ్యి నలుపు మాత్రం ఉంది. నేను చెప్పాల్సిన వాక్యాన్ని జపంలా మనసులో అనుకుంటూ వెళ్లాను. నా ముందు ఇద్దరు మగవాళ్లు ఆయన్ని తిడుతున్నారు. ఆయన తిట్లన్నీ విని, తల ఊపి, వాళ్లు వెళ్లాక నావైపు తిరిగాడు.

"మీకేం కావాలి అమ్మాయిగారూ?"

"యాభై ఎనిమిదో నంబరు మాది. వ్యాకుల మాత శుక్రవారం దాకా మా తలుపు ఉంచండి."

ఆయన బల్ల మీది కాగితం విప్పి వేలితో వెతికాడు. తర్వాత నన్ను చూశాడు.

"తలుపా? అంతేనా?"

"అంతేనండి."

"తప్పకుండా ఉంచుతాను. ఇరవై ఎనిమిదో తేదీ కదా. శుక్రవారం రోజంతా మీ తలుపు ఉంటుంది. నా మాట." అని ఆ కాగితం మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు కూడా. నేను లేచాక అన్నాడు, ఇక్కడికి వచ్చినవాళ్లలో ఇంత తక్కువ అడిగిన మనిషి నేనేనట.

అమ్మా, తిరిగి వస్తుంటే నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. గుమ్మంలో దోన్యా త్రాన్సితో తన కుర్చీలు కట్టుకుంటోంది. సంగతి చెప్పాను. "ఓసి నీ మొహం, నువ్వు మాట్లాడావా, లేక ఆయన నీ మొహం చూసి భయపడి ఒప్పుకున్నాడా" అంది. కానీ కళ్లు తుడుచుకుంది. సామానంతా వాళ్లబ్బాయి ఇంటికి చేరేసింది. శుక్రవారానికి మాత్రం వచ్చి హమైకా పూల నీళ్లు తానే కాస్తానంది.

ఇప్పుడు మన వాకిట్లోకి మధ్యాహ్నం కూడా ఎండ వస్తోంది. ఎదురుగా ఆపేవి ఏమీ లేవు. జెరేనియం కుండీలు నీడకి జరిపాను. గోధుమలు తెచ్చాను, రేపటి ఆదివారం దాటగానే చల్లుతాను. నాలుగు మూకుళ్లు, మంచం కింద.

నువ్వు రావడం గురించి డాక్టరుని ఇంకొకసారి అడగవా?

నీ,
ఒతీలియా

*

సాన్ బ్లాస్,
మార్చి 14

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరాన్ని మడిచి రవికెలో పెట్టుకుని తిరుగుతున్నాను. కూతురు ఒక ఇంజనీరు చేత మాట ఇప్పించిందని చేపలమ్మే ఆవిడకి చెప్పాను, పోస్టాఫీసులో చెప్పాను, ఆదివారం గుడిలో ఫాదరుకి చెప్పాను. ఫాదరు, పెళ్లైనవాడేనా అని అడిగాడు. ఆయన ధ్యాస అంతా అక్కడే.

పుల్ల నారింజలు మార్కెట్లో వెనక గేటు దగ్గర కొను, ముందు గేటువాడు తియ్యటివి కలుపుతాడు. తియ్యటివైతే అది దుఃఖమెలా అవుతుంది? ఒక్కో నారింజకి బంగారు కాగితపు జెండా గుచ్చు. ఊదా బట్ట నా పెట్టె అడుగున ఉంది, కర్పూరం ఉండలు దులిపి ఎండలో వెయ్యి. రంగు నీళ్ల గాజు బుడ్లు ఆరు ఉండాలి. ఒకటి పోయినేడు దోన్యా త్రాన్సితో మనవడు పగలగొట్టాడు, అది పోను కూడా ఆరు ఉండాలి. చియా గింజల నీళ్లలో నిమ్మకాయ ఎక్కువ పిండకు.

మీ పెద్దమ్మ నా బూట్లు దాచేసింది. నేను అడగలేదు, అది చెప్పలేదు. ఇద్దరం ఆ సంగతి ఎత్తకుండా పెద్దమనుషుల్లా ఉన్నాం. ఇక్కడ చావడం నాకు ఇష్టం లేదే ఒతీ. ఇక్కడి ఎండకి పొద్దున పోయినవాణ్ణి సాయంత్రానికల్లా మట్టిలో పెట్టేస్తారు. చుట్టాలు బట్టలు మార్చుకుని వచ్చేలోపు అంతా అయిపోతుంది. మన ఊళ్లో అయితే కనీసం రాత్రంతా కాఫీ తాగి, చచ్చినవాళ్లని నాలుగు మాటలనే వీలుంటుంది.

ఇరవై ఎనిమిదిన మన గుమ్మంలో నా భుజం ఆ రాయికే ఆనుతుంది. అంకె వేసినా వేయకపోయినా.

ముద్దులతో,
అమ్మ

*

గ్వాదలహారా,
మార్చి 20

ప్రియమైన అమ్మకు,

గోధుమలు వచ్చాయి. నువ్వు చెప్పినట్టే పసుప్పచ్చగా, బక్కగా. మూకుళ్లని ఇంకా బాగా చీకటి ఉన్నచోట పెట్టాను.

ఊదా బట్ట, గాజు బుడ్లు, అమ్మ బొమ్మ, నీ పెట్టె, అన్నీ క్షేమం. తలుపు ఉంది. ఇంజనీరు దాని రాళ్లకి దెబ్బ తగలకుండా చుట్టూ చెక్కలు కూడా ఆనించాడు. ఎవరూ ముట్టుకోవడం లేదు.

అమ్మా, నువ్వు ఈ ఏడు రావద్దు. బస్సు తెపిక్‌లో మారాలి, ఎండలో నిలబడాలి, తర్వాత దారంతా ఎత్తుకి ఎక్కడమే. డాక్టరు మాట వినాలని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది. అంతా నువ్వు పెట్టినట్టే పెడతాను. వచ్చినవాళ్లందరికీ నువ్వు అడిగావని చెప్తాను. ఈ ఒక్క ఏడు.

ఉత్తరాలు ఇక నుంచి లైబ్రరీ చిరునామాకి రాయి. మన వీధికి టపా సరిగా రావడం లేదు.

నీ చేతులు ముద్దాడుతూ,
ఒతీలియా

*

సాన్ బ్లాస్,
మార్చి 29, శనివారం

నా తల్లీ ఒతీ,

క్షేమంగా చేరాను. ఊయల మంచంలో పడుకుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా అటూ ఇటూ పోతున్నాయి. మీ పెద్దమ్మ నాతో మాట్లాడడం లేదు. శుక్రవారం తెల్లవారుజామున గుడికని చెప్పి దాని ఆదివారం బూట్లే వేసుకుని బస్సెక్కాను కదా, అదీ దాని కోపం. గుండె గురించి కాదు, బూట్ల గురించి. అవి నాకు బిగుతు. మడమలు రెండూ చీరుకుపోయాయి.

నువ్వు రావద్దని రాసిన ఉత్తరం చదివాకే ఖాయంగా రావాలనుకున్నాను. అందులో ఇల్లు అన్న మాట ఒక్కసారి కూడా లేదు. పైగా కాగితం జిగురు వాసన వేసింది. మన ఇంట్లో ఉత్తరం రాస్తే ఉల్లిపాయ వాసన కదా వెయ్యాలి.

బస్‌స్టాండు నుంచి నడిచాను, మూలమూలకీ ఆగుతూ. మన వీధి మొదట్లో నిలబడి చూస్తే ఏ ఇల్లు ఎక్కడుండేదో నాకు తెలియలేదు. దుమ్ము, కంచెలు, ఒక లారీ. ఆ మధ్యలో మన తలుపు. ఊదా బట్ట, కొవ్వొత్తులు, నారింజల మీద జెండాలు. ఎవరో తెలిసిన ఆడమనిషే పెట్టింది, బాగా పెట్టింది అనుకున్నాను. ఇంకొంచెం దగ్గరికొచ్చాక అమ్మ తల వెనక గుడి గోపురం కనపడింది. ముప్ఫై ఏళ్లు ఆ గుమ్మంలో నిలబడ్డాను, ఏనాడూ అక్కడి నుంచి గోపురం కనపడలేదు. మధ్యలో ఇల్లు ఉండేది.

జనం బాగానే వచ్చారు. ఎక్కడెక్కడికో పోయినవాళ్లంతా వచ్చినట్టున్నారు. నేను పక్క నుంచి వచ్చి నీ దగ్గర నిలబడొచ్చు, నా తలుపే కదా. కాళ్లు అటు పోలేదు. ఇద్దరు పిల్లల్ని వేసుకుని ఒకావిడ నిలబడి ఉంటే ఆవిడ వెనక వరసలో నిలబడ్డాను. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే నాకు తెలుసు. అడగడం నాకు అలవాటు లేదు. నా వంతు వచ్చింది, అడిగాను.

"ఈ ఇంట అమ్మ ఏడ్చిందా?"

నువ్వు తలెత్తి చూశావు. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. అరుస్తావనుకున్నాను, నన్ను పట్టుకుంటావనుకున్నాను. నువ్వు తప్పు పోకుండా, మదర్లకి పాఠం అప్పజెప్పినట్టు చెప్పావు.

"ఏడ్చింది. లోపలికి రండి."

రండి అన్నావు నన్ను.

నీళ్లు తాగాను. చియా బాగా ఉబ్బింది, నిమ్మకాయ సరిపోయింది. వెనక మనుషులున్నారని పక్కకి జరిగి ఆరో నంబరు రాయికి భుజం ఆనించాను. ఏళ్ల తరబడి ఆనుకుని అరిగిన ఆ గుంట ఇంకా నా భుజానికి సరిపోయింది. ఆ కాసేపు కళ్లు మూసుకుంటే వెనక వంటిల్లు ఉన్నట్టే ఉంది.

తర్వాత నువ్వు నన్ను బస్సెక్కించేదాకా మనం బూట్ల గురించే నవ్వుకున్నాం. ఇంటి గురించి ఒక్క మాట అనుకోలేదు. నేను అడిగితే నువ్వు ఏడుస్తావని నేను, నువ్వు చెప్తే నా గుండె ఆగుతుందని నువ్వు. ఇప్పుడు రెండొందల మైళ్లు ఉంది మధ్యలో, కాబట్టి అడుగుతున్నాను. ఇల్లు ఎప్పుడు పోయింది? మాట ఇచ్చిన ఆ ఉత్తరాదివాడు ఏమన్నాడు? నువ్వు ఎక్కడ పడుకుంటున్నావు? ఈ మూడూ రాయి. దాచకు.

ఛాతీలో పావురం కొట్టుకుంటున్నట్టు ఉంది, అంతే. పడుకుంటే తగ్గుతుంది. నువ్వు ఇచ్చిన గోధుమ మూకుడు కిటికీలో పెట్టాను. ఇక్కడి వెలుగుకి పొద్దుటికే ఆకుపచ్చ పడింది.

ఈ ఉత్తరం మీద గ్రనాదో వీధి, యాభై ఎనిమిది అనే రాస్తున్నాను. నాకు వేరే చిరునామా రాయడం చేతకాదు. టపావాడు మనల్ని ఎరిగినవాడే, వెతుక్కుంటాడు.

ముద్దులతో,
మీ అమ్మ

*

గ్వాదలహారా,
ఏప్రిల్ 2, బుధవారం

ప్రియమైన అమ్మకు,

టపాయన వెతుక్కున్నాడు. నీ కవరు పట్టుకుని లైబ్రరీకి వచ్చి, "మీ అమ్మగారికి ఇంకా ఆ ఇల్లే ఉన్నట్టుంది" అన్నాడు. ఆయన పాత సంచీ నిండా మన వీధివాళ్ల ఉత్తరాలే ఉన్నాయి. ఒక్కో మనిషినీ అడిగి ఇస్తున్నాడు.

నువ్వు మూడు అడిగావు. వరసగా రాస్తాను.

ఇల్లు మార్చి పదిహేను, శనివారం పొద్దున పోయింది. అంతకు ముందు రోజు ఇద్దరు మనుషులు వచ్చి సామాను తీయమన్నారు. శుక్రవారం దాకా అని ఇంజనీరు గారు చెప్పారే అన్నాను. వాళ్లు కాగితం చూసి, "తలుపే కదమ్మా, తలుపుకి రాశారు" అన్నారు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. వాళ్లు పొరపాటు పడుతున్నారనుకున్నాను. శనివారం వెనక వంటింటి నుంచి మొదలుపెట్టారు. నేను ఆయన బల్ల దగ్గరికి పరుగెత్తాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నవ్వుతున్నాడమ్మా. గుమ్మానికి ఆనించిన చెక్కలు చూపించాడు. గోడ పడేటప్పుడు రాళ్లు అదిరిపోకుండా మనుషుల్ని ప్రత్యేకంగా పెట్టాడట, దాని కోసం పైవాళ్లతో పోట్లాడాడట.

"చూశారా, నా మాట. ఒక్క రాయి కదలదు."

అప్పుడు నాకు మదర్ ఇమ్మాకులాదా గుర్తొచ్చింది. తలుపు లేనిది ఎవరింట్లోనమ్మా అన్న మాట. నేను అదే వాక్యం మళ్లీ ఇంకో ఊరు కాని మనిషికి చెప్పాను. ఇల్లు అని ఉంటే ఒప్పుకునేవాడో కాదో నాకు తెలియదు. కాదనే అనుకుంటాను. కానీ ఆయన్ని ఆ మాట అడగనే లేదు. థాంక్స్ అండి అని చెప్పి వచ్చేశాను.

నేను లైబ్రరీలో బైండింగ్ గదిలో పడుకుంటున్నాను. హెడ్ లైబ్రేరియన్‌కి తెలుసు, తెలియనట్టు ఉంటాడు. కిటికీ లేని గది. గోధుమలు అంత బాగా రావడానికి కారణం అదే. జిగురు వాసన నీకు తెలుస్తుందని అనుకోలేదు. నీ పెట్టె, అద్దం, నాన్న కుర్చీ అక్కడే ఉన్నాయి.

నువ్వు అడగనిది ఒకటి ఉంది, అదీ రాస్తాను. నువ్వు ఆ బండరాయి మీద కూర్చుని బూటు విప్పి మడమ చూసుకుంటున్నప్పుడు, ఇంజనీరు బాల్బుయేనా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక ఏం చేయాలో తెలియక చేయి చాచాడు. దోన్యా త్రాన్సితో కుండ పక్కనే ఉంది కదా.

"అడగవయ్యా బాబూ. మాట ఇవ్వడం వచ్చుగా, అడగడం రాదా? అడిగితేగాని పోయరిక్కడ."

ఏమని అడగాలో పిల్లలు చెప్పారు. "ఈ ఇంట అమ్మ ఏడ్చిందా" అన్నాడు, వాళ్ల ఉత్తరాది యాసతో. అందరికీ చెప్పినట్టే చెప్పాను, ఏడ్చింది, లోపలికి రండి అని. ఆయన టోపీ తీశాడు. గడప దాటి ఒక అడుగు లోపల పెట్టాడు. అక్కడ నిలబడి ముందు చూశాడు, పక్కన చూశాడు. లోపల అన్నదే లేదు కదమ్మా. మళ్లీ నావైపు తిరిగి, "మీరు తలుపు అన్నది..." అని ఆగిపోయాడు. నేను తల ఊపాను. నీళ్లు తాగి, గ్లాసు బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి వెళ్లిపోయాడు. ఆయన మీద నాకు కోపం లేదు. నువ్వు కూడా పెట్టుకోకు.

శనివారం రాళ్లు విప్పారు. కమాను నుంచి మొదలుపెట్టి కిందికి. ఒక్కోదాన్నీ గోనెపట్టాలో చుట్టి గడ్డి పరిచిన లారీలో పెట్టారు. ఒక పనివాడు నిచ్చెన మీద నుంచి నన్ను చూసి, "ఇంకా ఏడుస్తోందా అమ్మ?" అన్నాడు. వేళాకోళం కాదనుకుంటాను, శుక్రవారం వాడూ వచ్చి రెండు గ్లాసులు తాగాడు. మిగిలిన నీళ్లు వాళ్లకే పోశాను. ఆరో రాయిని దించేటప్పుడు ఆ గుంట చూసి, ఇది విరిగిందా అని అడిగారు. విరగలేదు, అరిగింది అని చెప్పాను. సిమెంటు పెట్టి నింపవద్దని కూడా చెప్పాను. ఇంజనీరు దాన్ని తన కాగితంలో రాసుకున్నాడు. కొత్త కట్టడంలో మన గుమ్మం చెప్పుల దుకాణానికీ నడిచే మెట్లకీ మధ్య వస్తుందట. దాని వెనక గోడ ఉంటుంది. తలుపు చెక్కలు అక్కర్లేదని చెప్పారు, అవి దోన్యా త్రాన్సితో వాళ్లబ్బాయి తీసుకెళ్లాడు.

నేను సాన్ బ్లాస్ వస్తున్నాను. పవిత్ర వారం కదా, ఊరంతా సముద్రానికి పోతోంది. రెండు రోజులుగా ఏ బస్సులోనూ సీటు లేదు. ఈ పొద్దుటి దానికి దొరికింది. ఊదా బట్ట మడిచి పెట్టుకున్నాను. నీ సొంత బూట్లు ఎక్కడ దాచిందో పెద్దమ్మని అడుగుతాను. ఆవిడకి ఇప్పుడు కోపం లేదమ్మా.

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. నేనే తెస్తున్నాను.

నిన్ను రండి అన్నందుకు అలవాటే కారణం. పొద్దుటి నుంచి అందరినీ అలాగే అంటున్నాను.

నీ,
ఒతీలియా

తా.క. నీ ఉత్తరం నిన్న, మంగళవారం అందింది. ఆదివారం సాయంత్రం నిన్ను మట్టిలో పెట్టామని పెద్దమ్మ ఇచ్చిన తంతి సోమవారమే వచ్చింది.